'టంగ్', 'లాంగ్వేజ్' – రెండూ ఒకటేనా?



ఉద్యోగానికో, కళాశాల ప్రవేశానికో, పెళ్ళి సంబంధానికో మన పిల్లల వివరాలు ఇంగ్లీషులో రాసిన బయోడేటా ఒకటి తీసి చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అయ్యాక సాధారణంగా రెండు గళ్ళు కనిపిస్తాయి. ఒకదానిలో 'మదర్ టంగ్' అనీ, మరొకదానిలో 'లాంగ్వేజెస్ నోన్' అనీ ఉంటుంది. మొదటి గడిలో ఒక్క మాటే రాస్తాం: తెలుగు. రెండవ గడిలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని వరుసగా రాస్తాం.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. నిఘంటువు తెరిస్తే 'టంగ్' అన్నా భాష అనే ఉంటుంది, 'లాంగ్వేజ్' అన్నా భాష అనే ఉంటుంది. రెండూ ఒకటే అయితే ఆ మాటలను అటుదిటు చేసి 'టంగ్స్ నోన్' అని ఎవరూ ఎందుకు రాయరు? పదవ తరగతి చదివే మీ అబ్బాయిని గానీ, అమ్మాయిని గానీ అడిగి చూడండి. "అలా అనకూడదు" అంటారే గాని, ఎందుకో చెప్పలేరు. ఈ వారం పాఠంలో ఆ 'ఎందుకు' అన్నదే నేర్చుకుందాం. ఇది ఇంగ్లీషు పరీక్షకు ఎంత ఉపయోగమో, మన ప్రార్థనా జీవితానికీ అంతే ఉపయోగమని చివరికి మీరే ఒప్పుకుంటారు.

మాటల పుట్టుక

'టంగ్' అంటే మొదటి అర్థం నాలుక. నోట్లో ఉన్న అవయవం. ఇది ఇంగ్లీషువారి సొంత పాతమాట. నాలుకతో మాట్లాడతాం గనుక నాలుక పేరే మాటకు, భాషకు కూడా వచ్చింది. 'లాంగ్వేజ్' అలా కాదు. 1066లో ఫ్రాన్సు నుండి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించారు. తరువాతి శతాబ్దాలలో వేలకొద్దీ ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయి. వాటిలో ఇది ఒకటి. దీని మూలం లాటినులోని 'లింగ్వా'. విచిత్రం ఏమిటంటే 'లింగ్వా' అన్నా నాలుకే! అంటే రెండు మాటలూ నాలుక నుండే పుట్టాయి. కాని 'టంగ్' నాలుకను వదలలేదు. 'లాంగ్వేజ్' నాలుకను వదిలి బడికి, కచేరీకి, పుస్తకానికి వెళ్ళిపోయింది.

మన తెలుగులోనూ ఇలాంటి జతలు ఉన్నాయి. 'నుడి' మన సొంత మాట. 'భాష' సంస్కృతం నుండి వచ్చిన మాట. రెండింటి అర్థమూ ఒకటే అయినా 'భాషాశాస్త్రం' అంటాం గాని 'నుడిశాస్త్రం' అనం. 'నుడికారం' అంటాం గాని 'భాషకారం' అనం. ఏ మాట ఏ చోట ఇముడుతుందో వాడుకే నిర్ణయిస్తుంది.

ఉచ్చారణ గురించి కూడా ఒక మాట. 'టంగ్' స్పెల్లింగులో చివర ఉన్న యు, ఇ అక్షరాలు పలకవు. 'యంగ్' అన్నట్టే 'టంగ్' అనాలి. 'టాంగ్' అంటే పట్టుకారు గుర్తుకు వస్తుంది. ఇక మనం 'లాంగ్వేజ్' అని రాస్తున్నా, ఇంగ్లీషువారు చివర 'వేజ్' అని సాగదీయరు. 'విజ్' అని పొట్టిగా పలుకుతారు.

ఎక్కడ ఏది?

గుర్తుపెట్టుకోవడానికి సులువైన సూత్రం ఇది: నేర్చుకునేది, లెక్కపెట్టేది, పుస్తకాలలో రాసేది 'లాంగ్వేజ్'. ఒక మనిషికి చెందినది, నోటి నుండి వచ్చేది 'టంగ్'.

బడిలో 'ఫస్ట్ లాంగ్వేజ్', 'సెకండ్ లాంగ్వేజ్' ఉంటాయి. 'సెకండ్ టంగ్' ఉండదు. ప్రభుత్వానికి 'అఫీషియల్ లాంగ్వేజ్' ఉంటుంది. కంప్యూటరుకు నోరు లేదు గనుక 'కంప్యూటర్ లాంగ్వేజ్' అనాలి. చెవిటి, మూగ సోదరులు చేతులతో మాట్లాడేది 'సైన్ లాంగ్వేజ్'. ముఖకవళికలతో, చేతులు కట్టుకుని నిలబడిన తీరుతో మనం తెలియకుండానే చెప్పేది 'బాడీ లాంగ్వేజ్'. వీటిలో ఎక్కడా 'టంగ్' పెట్టకూడదు.

'టంగ్' భాష అనే అర్థంలో వచ్చినప్పుడు దాదాపు ఎప్పుడూ దాని పక్కన ఎవరిదో చెప్పే మాట ఒకటి ఉంటుంది: 'మదర్ టంగ్', 'నేటివ్ టంగ్', 'దెయిర్ ఓన్ టంగ్'. పరాయివారి భాషను 'ఫారిన్ టంగ్' అనడమూ ఉంది గాని, అది కథల్లో, కవిత్వంలో ఎక్కువ. మామూలు సంభాషణలో 'ఫారిన్ లాంగ్వేజ్' అంటేనే బాగుంటుంది.

'మదర్ లాంగ్వేజ్' అనడం పూర్తిగా తప్పేమీ కాదు. బెంగాలీ భాష కోసం 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు ప్రాణాలు అర్పించారు. ఆ రోజును యునెస్కో 1999లో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. ఆ దినానికి ఇంగ్లీషులో పెట్టిన పేరులో 'మదర్ లాంగ్వేజ్' అనే ఉంది. అయినా నిత్య వ్యవహారంలో, దరఖాస్తులలో 'మదర్ టంగ్' అన్నదే వాడుక.

ఇంకొక పొరపాటు మన పిల్లలు తరచు చేస్తుంటారు. 'ద తెలుగు ఈజ్ మై మదర్ టంగ్' అని రాస్తారు. భాష పేరు ఒక్కటే వచ్చినప్పుడు ముందు 'ద' ఉండకూడదు. 'తెలుగు ఈజ్ మై మదర్ టంగ్' అనాలి. పక్కన 'లాంగ్వేజ్' చేర్చితే మాత్రం 'ద తెలుగు లాంగ్వేజ్' అని 'ద' వస్తుంది.

నోరు జారితే ఏది?

తెలుగులో 'నోరు' అనీ 'నాలుక' అనీ వచ్చే పలుకుబడులకు ఇంగ్లీషులో చాలావరకు 'టంగ్' వస్తుంది. నోరు జారితే 'స్లిప్ ఆఫ్ ద టంగ్'. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతే 'ఆన్ ద టిప్ ఆఫ్ మై టంగ్'. నోరు మూసుకోమంటే 'హోల్డ్ యువర్ టంగ్'. కొత్తవాళ్ళ ముందు మాట పెగలక నిలబడిపోతే 'టంగ్ టైడ్'. గయ్యాళి నోరైతే 'షార్ప్ టంగ్'. 'లారీ – రైలు' అని గబగబా పదిసార్లు అనమని పిల్లలను ఆటపట్టిస్తామే, అలాంటిది 'టంగ్ ట్విస్టర్'.

మరి బూతుమాటను ఏమంటారు? అది 'బ్యాడ్ లాంగ్వేజ్'. 'బ్యాడ్ టంగ్' కాదు. ఇక్కడ తేడా జాగ్రత్తగా గమనించండి. 'మైండ్ యువర్ లాంగ్వేజ్' అంటే "మాటలు మర్యాదగా రానీ" అని. 'హోల్డ్ యువర్ టంగ్' అంటే "అసలు మాట్లాడకు" అని. మొదటిది మాటలను దిద్దుతుంది, రెండవది మనిషిని ఆపుతుంది. ఈ అర్థంలో 'లాంగ్వేజ్' ముందు 'ఎ' రాదు, వెనుక 'ఎస్' చేరదు. 'హీ యూజ్డ్ బ్యాడ్ లాంగ్వేజ్' అనాలే గాని 'ఎ బ్యాడ్ లాంగ్వేజ్' అనరాదు. 'ఎ బ్యాడ్ లాంగ్వేజ్' అంటే ఏదో ఒక భాషే చెడ్డదని అర్థం వస్తుంది. దేవుని సృష్టిలో చెడ్డ భాష లేదు. చెడ్డగా వాడిన భాష మాత్రం ఉంది.

పునీత అంతోనివారి నాలుక

మన విచారణలలో పాదువాపురి పునీత అంతోనివారిని ఎరుగనివారు ఉండరు. ఆయన 1231లో మరణించారు. 1263లో ఆయన అవశేషాలను కొత్త దేవాలయానికి మార్చేటప్పుడు శరీరమంతా మట్టిలో కలిసినా నాలుక మాత్రం చెడకుండా ఉండటం చూశారు. అప్పుడు అక్కడ ఫ్రాన్సిస్ సభ పెద్దగా పునీత బొనవెంతూరవారు ఉన్నారు. ఆ నాలుకను నేటికీ పాదువా నగరంలోని బసిలికాలో భద్రపరచి ఉంచారు. ఇంగ్లీషులో దానిని 'ద టంగ్ ఆఫ్ సెయింట్ ఆంటొని' అంటారు. ఇక్కడ 'లాంగ్వేజ్' పెడితే "అంతోనివారు మాట్లాడిన భాష" అని వేరే అర్థం వచ్చేస్తుంది. అంతోనివారికి వచ్చిన భాషలు ఆయన 'లాంగ్వేజెస్'. దేవుని వాక్కును పలికినది ఆయన 'టంగ్'. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే చాలు, రెండు మాటల తేడా ఎన్నటికీ మరచిపోరు.

పెంతెకోస్తు దినాన

ఇక అపోస్తలుల కార్యములు రెండవ అధ్యాయం తీయండి. పవిత్రాత్మ దిగివచ్చిన ఘట్టం. శిష్యుల మీద నాలుకల వంటి అగ్నిజ్వాలలు నిలిచాయనీ, వారు ఇతర భాషలలో మాట్లాడసాగారనీ చదువుతాం. తెలుగులో నిప్పుకు 'నాలుకలు' అనీ, మాటలకు 'భాషలు' అనీ రెండు వేరువేరు పదాలు వచ్చాయి. గ్రీకు మూలంలో రెండుచోట్లా ఒకే పదం: 'గ్లోస్సా'. ఇంగ్లీషు బైబిళ్ళు చాలావాటిలోనూ ఈ రెండుచోట్లా 'టంగ్స్' అనే ఉంటుంది. పైన దిగిన నాలుకలే వారి నోటి పలుకులయ్యాయన్న భావం ఆ ఒక్క పదంలోనే ఇమిడి ఉంది. తెలుగులో చదివే మనం ఈ సంగతి ఎరిగి చదివితే ఆ ఘట్టం మరింత వెలుగుతో కనిపిస్తుంది.

అదే అధ్యాయంలో మరొక విశేషం ఉంది. పార్తీయులు, మాదీయులు, ఎలామీయులు, ఐగుప్తువారు, రోమునుండి వచ్చినవారు, క్రేతువారు, అరబ్బులు – ఇందరు యెరూషలేములో కూడివచ్చారు. యూదులు గనుక, యూదమతం పుచ్చుకున్నవారు గనుక, వారంతా ఎంతో కొంత ఉమ్మడి భాష ఎరిగే ఉంటారు. ఏదో ఒక భాషలో చెబితే పని జరిగిపోయేదే. అయినా పవిత్రాత్మ అలా చేయలేదు. ఎవరు పుట్టిన భాషలో వారికి వినిపించాడు. వారు ఆశ్చర్యపోయింది కూడా "మాకు అర్థమైంది" అని కాదు, "మా సొంత భాషలో వింటున్నామే" అని. బయోడేటా భాషలో చెప్పాలంటే దేవుడు వారి 'లాంగ్వేజెస్ నోన్' గడిని చూడలేదు, 'మదర్ టంగ్' గడిని చూశాడు.

'స్పీకింగ్ ఇన్ టంగ్స్' – జాగ్రత్త

ఇక్కడే ఒక హెచ్చరిక. ఒక విద్యార్థి తన విచారణ గురువులను పొగుడుతూ "మా ఫాదరుగారికి ఐదు భాషలు వచ్చు" అనే అర్థంలో 'అవర్ ఫాదర్ స్పీక్స్ ఇన్ టంగ్స్' అని రాశాడనుకోండి. చదివినవారు "ఓహో, కరిస్మాటిక్ ప్రార్థనలలో భాషల వరం ఉన్న గురువులు కాబోలు" అనుకుంటారు. 'స్పీకింగ్ ఇన్ టంగ్స్' అంటే పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో చెప్పిన ఆత్మ వరం. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గులో కతోలిక కరిస్మాటిక్ ఉద్యమం ఆరంభమైన తరువాత ఈ మాట మనవారిలోనూ బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఐదు భాషలు తెలిసిన గురువుల గురించి చెప్పాలంటే 'హీ స్పీక్స్ ఫైవ్ లాంగ్వేజెస్' అనాలి. అక్కడ 'ఇన్' కూడా అక్కరలేదు.

అదే లేఖ పద్నాలుగవ అధ్యాయంలో పౌలుగారు ఒక మాట చెప్పారు. ఎవరికీ తెలియని భాషలో వేల మాటలు పలికేకంటే ఇతరులకు బోధపడే ఐదు మాటలు పలకడమే తనకు ఇష్టమన్నారు. వరాన్ని ఆయన కాదనలేదు. వినేవారిని మరువవద్దన్నారు.

మహాసభ చేసిన మేలు

మనలో పెద్దవారికి లాటినులో జరిగిన దివ్యబలిపూజ గుర్తుండే ఉంటుంది. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చన గురించిన పత్రాన్ని వెలువరించింది. దాని 36వ అంశం మన పాఠానికి చక్కని ఉదాహరణ. వాటికన్ వారి ఇంగ్లీషు అనువాదంలో, లాటినును నిలుపుకోవాలని చెప్పినచోట 'లాటిన్ లాంగ్వేజ్' అని ఉంది. ప్రజల భాష వాడకం వారికి ఎంతో మేలు చేయగలదని చెప్పినచోట 'మదర్ టంగ్' అని ఉంది. లాటిను ఎంత పవిత్రమైనదైనా అది నేర్చుకునే భాష, 'లాంగ్వేజ్'. ప్రజలది తల్లి ఒడిలో వచ్చిన పలుకు, 'టంగ్'. ఆ పత్రం తరువాతనే మన దేవాలయాలలో పూజ తెలుగులో వినిపించింది. మనకది అలవాటైపోయింది గాని, మన తాతలకు అదొక చిన్న పెంతెకోస్తు.

జనాభా లెక్కలవారి దృష్టిలో

'టంగ్', 'లాంగ్వేజ్' తేడాను మన దేశంలో అతి జాగ్రత్తగా పాటించేది జనాభా లెక్కలవారు. 'మదర్ టంగ్' అంటే చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష అని వారి నిర్వచనం. పసితనంలోనే తల్లి పోతే ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాషను రాసుకుంటారు. ఇంకా మాటలు రాని పసిబిడ్డకు, చెవిటి మూగవారికి తల్లి మాట్లాడే భాషనే రాయాలి. చూడండి, నోట మాట లేనివారికి కూడా 'మదర్ టంగ్' ఉంది! ఎందుకంటే అది సాధించినది కాదు, పొందినది.

ఇలా ప్రజలు చెప్పిన మాతృభాషలను తరువాత పెద్ద భాషల కింద వర్గీకరిస్తారు. 2011 లెక్కలలో పదివేల మందికి పైగా మాట్లాడేవారున్న మాతృభాషలు 270 తేలాయి. వాటిని 121 'లాంగ్వేజెస్' కింద చేర్చారు. మన తండాలలో మాట్లాడే లంబాడీని ఆ పట్టికలో హిందీ కింద చేర్చారు. లంబాడీ తల్లి తన బిడ్డకు జోల పాడేది హిందీలో కాదు. ఆమె 'టంగ్' వేరు, లెక్కలలో ఆమెకు రాసిన 'లాంగ్వేజ్' వేరు.

ఈ సంగతి చదివి ఊరుకోవద్దు. తండాలున్న విచారణలలో జ్ఞానోపదేశం తెలుగులో జరుగుతుంది. పిల్లలకు తెలుగు వస్తుంది గనుక ఇబ్బంది లేదనుకుంటాం. కాని వెనుక వరుసలో కూర్చున్న ముసలి అవ్వకు ఎంత అందుతోంది? ఆమె భాషలో ఒక్క పాటైనా, ఒక్క ప్రార్థనైనా మన దేవాలయంలో వినిపించిందా? లాటిను నుండి మనకు లభించిన మేలును మనం ఇంకొకరికి అందించామా?

మన ఇంట్లో

మరి మన ఇంటి సంగతి? పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. చదవాలి, బతుకుతెరువుకు అది కావాలి. పరలోక జపం, మంగళవార్త జపం బడిలో ఇంగ్లీషులోనే నేర్చుకుంటున్నారు. అదీ మంచిదే. కాని రాత్రి జపమాల దగ్గర నాయనమ్మ తెలుగులో మొదటి సగం చెబితే మనవడు రెండవ సగం అందుకోలేక 'టంగ్ టైడ్' అయిపోతున్నాడు. వాడికి 'లాంగ్వేజ్' వచ్చింది, 'టంగ్' జారిపోయింది. అమెరికాలో, గల్ఫులో ఉన్న మన కుటుంబాలలో ఇది మరీ ఎక్కువ. ఇంగ్లీషు నేర్పవద్దని ఈ శీర్షిక ఎన్నడూ చెప్పదు. ఇంగ్లీషు నేర్పడానికే కదా ఇది ఉన్నది! రెండు గళ్ళూ నింపమనే చెబుతోంది. ఒకటి నింపడానికి మరొకటి ఖాళీ చేయనక్కరలేదు.

ఇంకొక్క మాట. పునీత యాకోబుగారు తన లేఖ మూడవ అధ్యాయంలో నాలుకను నిప్పుతో పోల్చారు. చిన్న నిప్పురవ్వ పెద్ద అడవిని కాల్చినట్టు నాలుక జీవితాన్నే తగలబెడుతుందన్నారు. దానితోనే దేవుని స్తుతిస్తాం, దానితోనే దేవుని పోలికలో పుట్టిన మనిషిని శపిస్తాం అని బాధపడ్డారు. పెంతెకోస్తు నాలుకా నిప్పే, యాకోబుగారి నాలుకా నిప్పే. ఒకటి పైనుండి వచ్చినది, ఒకటి కాల్చివేసేది. నరంలేని నాలుక అంటారు మన పెద్దలు; ఎటైనా తిరుగుతుంది. ఎన్ని 'లాంగ్వేజెస్' వచ్చునో బయోడేటాలో రాసుకుంటాం. మన 'టంగ్' ఎలాంటిదో మాత్రం మన ఇంట్లోవారికీ, ఇరుగుపొరుగువారికీ, దేవునికీ తెలుసు. ఆదివారం దివ్యసత్ప్రసాదాన్ని అందుకునేది ఆ నాలుకే అని సోమవారం నాడు కూడా గుర్తుంచుకుందాం.

అభ్యాసం

ఖాళీలలో 'టంగ్' గాని, 'లాంగ్వేజ్' గాని, అవసరమైతే బహువచనం గాని ఉంచండి. పిల్లలు, పెద్దలు కలిసి చేయండి.

1. మై ఫాదర్ నోస్ ఫోర్ ______.
2. లంబాడీ ఈజ్ హర్ మదర్ ______.
3. ప్లీజ్ డు నాట్ యూజ్ బ్యాడ్ ______ బిఫోర్ చిల్డ్రన్.
4. ఐ యామ్ సారీ, ఇట్ వాజ్ ఎ స్లిప్ ఆఫ్ ద ______.
5. షి టీచెస్ సైన్ ______ టు డెఫ్ చిల్డ్రన్.
6. హిందీ ఈజ్ మై సెకండ్ ______ ఎట్ స్కూల్.

జవాబులు: 1. లాంగ్వేజెస్ 2. టంగ్ 3. లాంగ్వేజ్ 4. టంగ్ 5. లాంగ్వేజ్ 6. లాంగ్వేజ్.

ఏడవ అభ్యాసం కాగితం మీద చేసేది కాదు. ఈ వారంలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ ఇంట్లోని అందరికంటే పెద్దవారిని ప్రార్థన చెప్పమనండి, వారి మాటల్లో, వారికి వచ్చినట్టు. పిల్లలు విని, దానిలో ఒక్క వాక్యం మళ్ళీ అదే పలుకుబడితో చెప్పాలి. అది తప్పు లేకుండా చెప్పినవారికి ఈ పాఠం పూర్తిగా వచ్చినట్టే.